ఎవరు ముందు కళ్లు తెరవాలి

తౌనో ముప్పై ఏళ్లు ఆ చలిదేశంలో ఇళ్లను వెచ్చబెట్టే ఇటుక పొయ్యిలు కట్టాడు. ఆ పనిలోనే నడుము చెడింది. రెండు ఆపరేషన్లయ్యాక డాక్టరు, "ఇంక కోసి చేసేదేమీ లేదు. ధ్యానం గ్రూపులో చేరండి. నొప్పి పోదు గానీ దాంతో బతకడం తెలుస్తుంది," అన్నాడు.

మంగళవారాలు ఒంటిగంటకు ఆరోగ్య కేంద్రం మేడమీద ఆరుగురు కూర్చునేవారు. నడిపేది మెర్వి అనే ఫిజియోథెరపిస్టు. కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమనేది. నొప్పి వస్తే ఎక్కడుందో చూడమనేది. కదలాలనిపిస్తే కదలమనేది, కూర్చోలేకపోతే పడుకోమనేది. ఆ చివరి మాటలు తౌనో చెవికెక్కలేదు. పదిమందిలో కదలడమా? పళ్లు బిగించి రాయిలా కూర్చునేవాడు.

"ఎంత స్థిరంగా కూర్చుంటారో మీరు!" అని మెర్వి మెచ్చుకునేది. ఇంటికెళ్లాక బూట్లు విప్పుకోవడానికే అతనికి అరగంట పట్టేది.

దాచుకోవడం అతనికి కొత్త కాదు. భార్య ఇర్యా మంచాన పడిన పదినెలలూ ఆ నడుముతోనే ఆమెను లేపి కూర్చోబెట్టాడు, స్నానం చేయించాడు. ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. ఫిబ్రవరిలో ఆమె పోయింది. అలవాటు మాత్రం ఉండిపోయింది.

ఆరోవారం అతనొక నిర్ణయానికి వచ్చి బయల్దేరాడు. ఈ రోజు కూడా ఇంతే అయితే ఇక రాడు. తర్వాత మాత్రలూ, ఇల్లూ, తనూ.

ఆ రోజు మధ్యలో మెర్వికి ఏదో పిలుపు వచ్చింది. చిన్న గంట ఒకసారి కొట్టి, "మీకు తోచినప్పుడు కళ్లు తెరిచి నెమ్మదిగా లేవండి," అని చెప్పి వెళ్లింది.

ఎవరూ లేవలేదు. పక్కవాళ్లు ధ్యానంలో ఉండగా కుర్చీ చప్పుడు చేయడం మర్యాద కాదు. ఐదు నిమిషాలు గడిచాయి, పదయ్యాయి. కింద రోడ్డు మీద మంచు తోసే బండి వచ్చి పోయింది. తౌనో నడుములో మేకు దిగుతున్నట్టుంది. ఎడమకాలు మొద్దుబారింది. అందరూ ఇంత ప్రశాంతంగా ఉన్నారు, తనకే చేతకాలేదు అనుకున్నాడు. ఇంకో పది నిమిషాలకు మాట దానంతటదే బయటికి వచ్చింది.

"నొప్పిగా ఉంది."

"హమ్మయ్య!" అంది పక్క కుర్చీలోని హెల్కా. ఒకప్పుడు బస్సు నడిపిన మనిషి. "నువ్వు లేస్తే లేద్దామని చూస్తున్నానయ్యా. నా తుంటి ఊడి చేతికొచ్చేలా ఉంది."

"నేను మీరు లేస్తారని చూస్తున్నా హెల్కా," అన్నాడు కిటికీ దగ్గరి పెద్దాయన.

"మీరా? మీరు గురక పెట్టారు," అంది హెల్కా.

"అది నటన."

నవ్వులు వినిపించాయి. హెల్కా తౌనో వైపు తిరిగింది. "ఆరువారాలుగా బొమ్మలా కూర్చుంటున్నావు. నిన్ను చూసి మేం సిగ్గుతో చస్తున్నాం. ఇంతకీ ఎక్కడ నీకు?"

ఏం లేదు అనబోయి తౌనో ఆగాడు. "నడుములో. ఎడమవైపు. అసలు కూర్చోలేను."

"మరి పడుకోవచ్చు కదా, మహానుభావా! చాపలు ఎవరికోసం పెట్టారు?"

మెర్వి తిరిగొచ్చేసరికి అతను చాపమీద వెల్లకిలా ఉన్నాడు. ఆమె వంగి అతని తల కింద చిన్న దిండు పెట్టింది.

చలికాలం కదా, మూడున్నరకే చీకటి పడింది. ఇంటికెళ్లి తౌనో వంటగది నేలమీద దుప్పటి పరచుకుని పడుకున్నాడు. వచ్చే మంగళవారం వెళ్లాలి. కళ్లు మూసుకుని ఊపిరి వెంట నొప్పి దగ్గరికి వెళ్లాడు. అది ఉన్నచోటే ఉంది. దాన్ని తోసేయలేదు. కాసేపు దాని పక్కన ఉన్నాడు.

అప్పుడు తోచింది. ఆ పదినెలల్లో ఇర్యా కూడా అబ్బా అనలేదు. ఎలా ఉందని అడిగితే, బాగానే ఉంది అనేది. అతనూ అదే అనేవాడు. ఒకరు ముందు చెబితే రెండోవాళ్లు చెప్పేవారేమో.

"నీకెక్కడ నొప్పి, ఇర్యా?" అన్నాడు, పైకే.