నీళ్లకు దావ

మా నాయన మాబు సాహెబ్ ఆళ్లగడ్డలో జీపు టాపులు కుడతాడు. ఆటోలకు, ట్రాక్టరు సీట్లకు కూడా కుడతాడు కానీ, ఎవరైనా పనేమిటని అడిగితే "టాపులు" అనే చెప్తాడు. చిల్లు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. టీ తాగడానికి ఆగిన లారీ పట్టాకు చిరుగు చూసి, డ్రైవరు గ్లాసు దించేలోగా కుట్టేసిన రోజులున్నాయి.

ఆయన నల్ల కత్తెర ఇంకెవరూ ముట్టకూడదు. కూతుర్నైన నేను మిషను తొక్కుతాను, అంచులకు బీడింగు వేస్తాను. కోత మాత్రం ఆయనదే.

అటువంటి మనిషి దగ్గరికి వినీతక్క తన ఎర్ర కారు తెచ్చింది. ఆమెది నంద్యాల. పెళ్లి మండపాలు అలంకరిస్తుంది. ఊరేగింపులకు బాడుగకు ఇద్దామని బెంగళూరులో ఆ పాత కారు కొన్నది. మీట నొక్కితే గుడ్డ టాపు మడతలు పడుతూ పోయి, సీట్ల వెనకున్న గుంతలో పడుకుంటుంది. మళ్లీ నొక్కితే లేచి వచ్చి నెత్తిన కప్పుకుంటుంది. ఆమె దాన్ని తెరిచి మూసి చూపిస్తుంటే, పక్కన టీ కొట్టు నరసింహులన్న పొయ్యి మీద పాలు పొంగి పోయాయి.

"వానొస్తే లోపల తేమగా ఉంటాంది మాబన్నా," అంది వినీతక్క. "శుక్రవారం నా కారుకు మొదటి పెళ్లి. పెళ్లికూతురి పట్టుచీర తడిసిందంటే నంద్యాలలో ఇంక దీన్ని ఎవురూ పిలవరు."

నాయన టాపు మీద వేళ్లు నడిపించాడు. ఒకచోట కుట్టు వదిలి ఉంది. దాన్ని బిగించాడు. అంతటితో ఆగలేదు. టాపు మడిచి, అది పడుకునే గుంత అంచున ఉన్న సన్నటి కాలువలో టార్చి వేశాడు. ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి చిటికెన వేలు పట్టే చిల్లులు.

"చూడమ్మా, అసలు దొంగలు ఈడుండారు. ఎవుడో బోల్టులు పీకి అట్లే వదిలేసినాడు," అని రెండింట్లో లప్పం ముద్దలు కూరి, బొటనవేలితో అదిమాడు.

"ఇంక కారదంటావా మాబూ?" అన్నాడు నరసింహులన్న.

"ఒక్క చుక్క లోపలికి దిగితే ఈ కత్తెర మళ్లీ పట్టను. ఒట్టు!"

"ఇనుకోండప్పా, అందురూ ఇనుకోండి," అని నరసింహులన్న బస్సు కోసం నిలబడ్డవాళ్లకు కూడా చెప్పాడు.

బుధవారం వాన దంచి కొట్టింది. గురువారం పొద్దున్నే ఎర్ర కారు మా అంగడి ముందు ఆగింది. వినీతక్క తలుపు తీయగానే గడప మీదుగా నీళ్లు జారాయి.

"మాబన్నా, ముందు తేమ ఉన్నింది. ఇప్పుడు బావి అయింది! రేపే పెళ్లి."

"కత్తెర ఎవురికిస్తాండావ్ మాబూ?" పక్కనుంచి నరసింహులన్న.

నాయన కారు దగ్గరికి పోయాడు. వేసిన కుట్టంతా వేలితో నొక్కుతూ చుట్టూ తిరిగాడు. తర్వాత నన్ను లోపల కూర్చోబెట్టి తలుపులు మూశాడు. "పైన నీళ్లు పోస్తా. యాడ కారుతాందో చూసి చెప్పు."

బిందెడు నీళ్లు టాపు మీద పడ్డాయి. లోపల గుడ్డ పొడిగానే ఉంది. కుట్టూ పొడిగానే ఉంది. వెనక సీటు మీదికెక్కి, దాని వెనకున్న గుడ్డ ఎత్తి చూశాను. టాపు మీద జారిన నీళ్లన్నీ ఆ కాలువలోకే వస్తున్నాయి. పోయే చోటు లేక నిండి, అంచు దాటి, సీటు కిందికి దిగుతున్నాయి. నీళ్ల అడుగున లప్పం మీద నాయన బొటనవేలి ముద్ర కనిపిస్తోంది.

బయటికొచ్చి కారు కిందికి వంగి చూశాను. వెనక చక్రం పక్కన నల్ల రబ్బరు గొట్టం ఒకటి వేలాడుతోంది. దాని మూతి పొడిగా ఉంది. ఆ చిల్లులు ఎందుకు పెట్టారో అర్థమైంది.

"ఏందీ? యాడ?" అన్నాడు నాయన. టీ కొట్టు ముందు గ్లాసులన్నీ మా వైపే తిరిగి ఉన్నాయి.

"నువ్వొచ్చి కూచో నాయనా, నేను పోస్తా. సీటు వెనకాల గుడ్డ ఎత్తి చూడు."

ఆయన గొణుక్కుంటూ ఎక్కాడు. నేను నిదానంగా పోశాను. అద్దంలోంచి ఆయన వీపు ఒక్కటే కనిపిస్తోంది.

"ఈదుతాండాడేమో సాయిబు," అన్నాడు నరసింహులన్న. అంత దిగులులోనూ వినీతక్క నవ్వింది.

అద్దం కిందికి దిగింది. "పాపా, దబ్బనం తీసుకురా," అన్నాడు నాయన.

గోనెలు కుట్టే ఆ పెద్ద సూదితో లోపల ఏదో పొడిచాడు. గుడగుడమని చప్పుడు. కారు కిందినుంచి ఒక ధార, కాసేపటికి రెండోవైపు ఇంకో ధార. నరసింహులన్న చెప్పులు చేత్తో పట్టుకుని అరుగు మీదికెక్కాడు.

"చెత్తో గిత్తో అడ్డం పడిందేమో అన్నా," అంది వినీతక్క.

నాయన ఆ మాట పట్టుకుంటాడేమో అని నేను ఆయన మొహం చూశాను.

"చెత్త కాదమ్మా. నేనే మూసినా. జీపుకు చిల్లుంటే మూసేదే నాకు తెలుసు. ఇది నీళ్లకు పెట్టిన దావ అని తట్టలా."

"టాపు కారలా కదా మాబూ. పోనీలే," అన్నాడు నరసింహులన్న. ఈసారి ఆయన గొంతులో ఎగతాళి లేదు.

"లోపలికి చుక్క దిగిందా లేదా?"

"దిగింది గానీ..."

"ఐతే అంతే." నాయన అంగట్లోకి పోయి కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇంకమీద కోత నువ్వు కొయ్యి. నేను కుడతా."

కత్తెర పట్టుకునే నేను వినీతక్క వైపు తిరిగాను. "అక్కా, ఊరేగింపులో పూలు చల్లుతారు కదా. టాపు మడిచి ఉంటే రేకులన్నీ ఈ కాలువలోకే పోతాయి. పైన కప్పేదానికి గుడ్డ మూత కావాల. పెళ్లయినాక ప్రతిసారీ కాలువ తుడిచి, చెంబుడు నీళ్లు పోసి, కింద పడతాండాయా లేదా చూసుకో."

"ఆ మూత రేపటికి ఐతుందా?"

"సాయంత్రానికే ఐతుంది," అన్నాడు నాయన, నన్ను అడక్కుండానే.

కారు తలుపులు రెండూ తీసి ఎండకు పెట్టాం. తివాచీలు నరసింహులన్న బల్లల మీద ఆరాయి. టీ తాగేవాళ్లు నిలబడే తాగారు. నేను నల్ల గుడ్డ పరిచి, కొలతలు గీసి, కత్తెర పట్టాను. దాని కన్నాలు నా వేళ్లకు వదులు. నాయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"సుద్దగీత మీదనే పో."

"పోతాండా."

"వంకర పోతాంది."

"పోలేదు నాయనా."

"కత్తెర వదిలినావు గానీ, నోరు వదల్లేదే మాబూ!" అని అరుగు మీదినుంచి నరసింహులన్న.

నాయన ఎదురుగా వచ్చి వంగి, కోత తేలిగ్గా సాగేటట్టు గుడ్డ అంచును రెండు చేతులతో లాగి పట్టుకున్నాడు.