ఇరవై అడుగుల అరుపు

మా ఓపువా రేవులోకి సాయంత్రం పూట ఏ పడవైనా వస్తోందంటే చాలు, అక్కడ కట్టేసి ఉన్న పడవల్లోని జనం టీ కప్పులతో, బీరు సీసాలతో పైకొచ్చి కూర్చుంటారు. తాడు అందుకోవడానికని చెబుతారు గానీ, అసలు వచ్చేది మొగుడూ పెళ్లాల గొడవ చూడటానికి. ఇరవై ఏళ్లుగా వాళ్లకి కడుపునిండా వినోదం పంచిపెట్టింది మేమే. మా ఆయన సెల్విన్ వెనక చక్రం పట్టుకుని అరుస్తాడు. నేను ముందు తాడు పట్టుకుని ఆ తిట్లు పడతాను.

"తాడు! తాడు విసురు! ఏం చూస్తున్నావ్ నోలీన్, పక్షుల్ని లెక్కపెడుతున్నావా?"

లోపలికెళ్లాక, "అందరి ముందూ అంత గట్టిగా అరవాలా?" అంటే ఎప్పుడూ ఒకటే జవాబు. "గాలిలో వినపడదని!"

ఆవుల మందను అమ్మేసి రిటైరయ్యాక ఇది మరీ ఎక్కువైంది. పాపం, ఆయన అరవడానికి ఇక నేనొక్కదాన్నే మిగిలాను. అలాంటివాడు మా ముప్ఫై రెండడుగుల పడవ 'టూయీ'ని అమ్మేసి యాభై రెండడుగుల తెరచాప పడవ కొందామన్నాడు. నా గుండె గుభేలుమంది. సముద్రమంటే నాకేం భయం లేదు. పడవ ఇరవై అడుగులు పెరిగితే అరుపూ అంత పెరగదూ?

"ఇద్దరమే అంత పడవని ఎలా నడుపుతాం?" అన్నాను.

దాన్ని అమ్మిపెట్టే డెస్మండ్ నవ్వాడు. మనిషి పీపాలా ఉంటాడు. "ఇద్దరెందుకు మేడమ్? తాడు చుట్టాలంటే బటన్, పడవ ముక్కు తిప్పాలంటే బటన్. సార్ ఒక్కరే చాలు. మీరు హాయిగా టీ తాగుతూ కూర్చోండి."

"విన్నావా?" అన్నాడు సెల్విన్.

"విన్నాను" అన్నాను. విన్నది విన్నట్టే చెయ్యాలని అప్పుడే తీర్మానించుకున్నాను.

పడవ నడిపి చూసే రోజున ఫ్లాస్కు నిండా టీ, డబ్బా నిండా స్కోన్ బన్నులు, అల్లిక సామాను తీసుకుని డెస్మండ్ వెనకే ఎక్కాను. బయట సముద్రంలో అన్నీ సవ్యంగానే జరిగాయి. బటన్ నొక్కితే తెరచాపలు లేచాయి, నొక్కితే దిగాయి. సెల్విన్ ముఖం చాటంతయింది. "రేవులో కట్టేయగానే సంతకం పెట్టేద్దాం" అన్నాడు.

తిరిగొచ్చేసరికి గాలి జెట్టీ మీంచి మా మీదికి కొడుతోంది. జనం అప్పటికే కప్పులతో సిద్ధంగా ఉన్నారు.

"నోలీన్, తాడు!"

"బటన్ నొక్కు" అన్నాను, సూదులు ఆపకుండా.

"బటన్ తాడు విసురుతుందా?"

"ఏమో మరి, డెస్మండ్‌ని అడుగు."

సెల్విన్ చక్రం వదిలితే ముక్కు పక్కకి తిరిగిపోతోంది. వదలకపోతే తాడు విసిరే దిక్కు లేదు. చుట్టూ తిరిగి మళ్లీ వచ్చాడు, మళ్లీ అంతే. జెట్టీ మీద ఎవరో చప్పట్లు కొట్టారు. ఇక లాభం లేదని డెస్మండే తాడు పట్టుకుని జెట్టీ మీదికి గెంతాడు. జెట్టీ అందలేదు. దబ్బుమని నీళ్లలో పడ్డాడు.

అల్లిక అక్కడే పారేశాను. "సెల్విన్, గేర్ తీసెయ్! కింద మనిషి ఉన్నాడు, ఇంజను పంకా తగుల్తుంది!"

అదృష్టం బాగుండి తీసేశాడు. డెస్మండ్ తాడు వదల్లేదు గానీ, ఇద్దరం కలిసి లాగినా ఆ శరీరం అంగుళం లేవలేదు. పెద్ద తెరచాపని లేపే తాడు కిందికి వదిలి, చంకల కిందుగా కట్టుకోమని చెప్పి, బటన్ నొక్కాను. బావిలోంచి బొక్కెన లేచినట్టు లేచాడు డెస్మండ్, బూట్లలోంచి నీళ్లు కారుస్తూ. ఆయన అబద్ధం చెప్పలేదు, బటన్ బాగానే పనిచేస్తుంది.

సెల్విన్ మళ్లీ చక్రం దగ్గరికెళ్లి కూలబడ్డాడు. "నా వల్ల కాదు నోలీన్" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

"లే అక్కణ్ణుంచి. ముందుకెళ్లి తాడు పట్టుకో."

ఇరవై ఏళ్లు పడవ ముక్కు దగ్గర నిలబడ్డదాన్ని, గాలి దాన్ని ఎప్పుడు ఎటు తోస్తుందో నాకు ఒకరు చెప్పాలా? ముక్కును గాలికి ఎదురుపెట్టి మెల్లగా జెట్టీ వైపు పోనిచ్చాను. అబ్బ, ఏం చక్రమమ్మా అది! వేలితో తిప్పితే తిరిగింది. ఇన్నేళ్లూ ఈ సుఖమంతా ఈయనొక్కడే అనుభవించాడా అని కడుపు మండిపోయింది. తలెత్తి చూద్దును గదా, మహానుభావుడు తాడు చేత్తో పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.

"తాడు! తాడు విసురు! ఏం చూస్తున్నావ్ సెల్విన్, పక్షుల్ని లెక్కపెడుతున్నావా?"

రేవు రేవంతా ఘొల్లుమంది. తాడు మాత్రం సరిగ్గా వెళ్లి పడింది.

డెస్మండ్ తువ్వాలు చుట్టుకుని వణుకుతూ, "ఇంతకీ... మీరిద్దరే నడపగలరంటారా?" అన్నాడు.

"భేషుగ్గా. కొంటున్నాం" అన్నాను. "చక్రం నాది."

'టూయీ'లోకి వెళ్లాక సెల్విన్ మూతి ముడుచుకుని గొణిగాడు. "అందరి ముందూ అంత గట్టిగా అరవాలా?"

నాకు జాలేసింది. నిజంగానే వేసింది. టీ కలిపి చేతికిచ్చి, పక్కన కూర్చున్నాను.

"గాలిలో వినపడదని" అన్నాను.