నాలుగు రోజులు రాలని చెత్త

పొద్దున పది కొట్టగానే అనుమానాలక్క పరీక్ష ప్రోగ్రాములు మొదలుపెట్టేది. ఆఫీసు ఊడ్చే మనిషి, అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ, చీపురు పట్టుకుని యంత్రం పక్కన నిలబడేది. అయిదేళ్లుగా ఇదే వరస.

ఆ ఆఫీసులో ఒక కొత్త ప్రోగ్రామింగ్ భాష తయారవుతోంది. అందులో రాసిన ప్రోగ్రాము ఏది నడిచినా కంప్యూటరు మెమరీలో జాబితాలూ, కొమ్మలుగా చీలే సమాచారపు చెట్లూ లెక్కలేనన్ని పుట్టుకొస్తాయి. వాడకం తీరినవాటిని ఏరి పారేసే భాగం పేరు గార్బేజ్ కలెక్టర్. అది ఎంత బాగా ఏరుతోందో, ఎంతసేపట్లో ఏరుతోందో తేల్చడానికే ఈ పరీక్షలు. ఒక ప్రోగ్రాము పదివేల చెట్లు కట్టి కూలుస్తుంది. ఇంకొకటి పొడుగాటి జాబితాని ముక్కలు చేసి, అతికించి, మళ్లీ ముక్కలు చేస్తుంది. ఏరిన చెత్తంతా యంత్రం అడుగు జాలీలోంచి నేల మీదికి రాలుతుంది. జాబితాలైతే తెగిన పూసల దండల్లా, చెట్లయితే వేలెడేసి ఎండుపుల్లల్లా ఉంటాయి. అన్నీ బూడిద రంగే. పిన్ని ఊడ్చి గోనెసంచుల్లోకి ఎత్తేది. రోజుకి రెండు సంచులు.

పరీక్షలు రాసేది, రిపోర్టు మీద సంతకం పెట్టేది అనుమానాలక్క. ఆ పేరు ఊరికే రాలేదు. కాఫీలో పంచదార సరిపోతే, ఎందుకు సరిపోయిందని ఆరా తీసే మనిషి.

ఇప్పుడు కొత్త కలెక్టరు వచ్చింది. రాసింది ఆమె బావే, సొంత అక్క మొగుడు. దాన్ని ఎక్కించిన రోజు నుంచీ పదకొండు సెకన్ల పరీక్ష రెప్పపాటులో అయిపోతోంది. జాలీలోంచి ఒక్క పుల్ల రాలడం లేదు. నాలుగు రోజులైంది.

"ఏం మరదలు పిల్లా, నోట మాట రావట్లేదేం?" అన్నాడు బావ, కుర్చీలో గిరగిరా తిరుగుతూ.

"ఎంత తొందరగా ఎత్తినా చెత్త చెత్తే కదా బావా. రోజూ రాలే రెండు సంచులూ ఎటు పోయినట్టు?"

"నా కలెక్టరు పొడి కూడా మిగల్చదు."

"నువ్వు కంచంలో మిగిల్చేవి రోజూ ఎత్తే మా అక్కకి చెప్పు ఆ మాట."

బావ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు.

పెద్దసారు మాత్రం మురిసిపోయాడు. "చెత్తే లేనప్పుడు ఊడ్చే మనిషెందుకు? రిపోర్టు మీద నీ సంతకం పడనీ, శనివారం నుంచి ఆవిణ్ణి రావద్దని చెప్పేద్దాం" అన్నాడు. ఆయన వెనకాలే పిన్ని కిటికీ అద్దం తుడుస్తోంది. ఆ జీతం మీద ఇద్దరు మనవరాళ్లు చదువుకుంటున్నారు. ఆవిడ వెనక్కి తిరగలేదు. తుడిచిన చోటే తుడుస్తూ ఉండిపోయింది.

"రేపు పెడతాను సార్" అంది అనుమానాలక్క.

ముందు బావ మీద పడింది ఆమె చూపు. పరీక్ష ప్రోగ్రాము పేరు కనబడగానే కలెక్టరు కళ్లు మూసుకుని కూర్చునేలా రాసి ఉంటాడా? అలాంటి దొంగతనాలు ఈ వృత్తిలో లేనివి కావు. ప్రోగ్రాము పేరు మార్చి నడిపింది. అదే రెప్పపాటు. అదే ఖాళీ నేల.

ఇక మిగిలింది పిన్ని. అందరికన్నా ముందు వచ్చేదీ, అందరూ వెళ్లాక తాళం వేసేదీ ఆవిడే. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో ఆపింది.

"పిన్నీ, ఆ చేతిసంచి ఒకసారి చూపిస్తావా?"

పిన్ని సంచి బోర్లించింది. అన్నం డబ్బా, దువ్వెన, గొడుగు.

"ఆ పుల్లలు నాకెందుకు తల్లీ? పొయ్యిలో పెట్టినా మండవు. ఒకసారి పెట్టి చూశాలే" అంది, ఒక్కొక్కటీ తిరిగి సర్దుకుంటూ. "బావ దొంగ, పిన్ని దొంగ. అందరి దగ్గరా వెతికావు, నీ దగ్గర తప్ప. రోజూ ఆ జాలీ ముందు నా కాళ్లు కాలిపోయేవి. ఈ నాలుగు రోజులూ చల్లగా ఉంది. యంత్రం పని చేస్తే కదా వేడెక్కడానికి!"

అనుమానాలక్క చెవులు ఎర్రబడ్డాయి. వెళ్లి తన ప్రోగ్రామే తెరిచింది.

అందులో రాతల చివరి వరస లేదు. కట్టిన చెట్లన్నిటికీ ఆకులెన్నో, జాబితాలకి పూసలెన్నో లెక్కపెట్టి చూపించే వరస అది. ఆ పెద్ద అంకె రిపోర్టులో వికారంగా ఉందని, కొత్త కలెక్టరు ఎక్కించిన రోజునే తీసేసింది ఆమే. ఆ భాష స్వభావమేమో, ఫలితం ఎవరైనా అడిగితే తప్ప వేలు కదపదు. చెట్లు కట్టమంటే, సరే కడతానని మాటిచ్చి కూర్చుంటుంది. ఆకులెన్ని అని అడిగినప్పుడే లేచి కడుతుంది. అడిగే వరస పోయాక చెట్టే పుట్టలేదు. ఇక రాలడానికేముంది!

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. బావకి పదోన్నతి, తనకి శభాష్. శనివారం నుంచి పిన్ని ఒక్కతే రాదు. అంతే.

లేచి వెళ్లి పెద్దసారుని పిలుచుకొచ్చింది.

"తప్పు బావది కాదు సార్, ఇంకెవరిదీ కాదు. నాది. ఫలితం అడిగే వరస నేనే తీసేశాను. భాష కడతానని మాటిచ్చి కూర్చుంది తప్ప, ఈ నాలుగు రోజులూ పరీక్షే జరగలేదు."

"అమ్మయ్య, ఇన్నాళ్లకి ఒప్పుకుంది!" అన్నాడు బావ. అంతలోనే మొహం వాడిపోయింది. "అయితే మరి... నా రెప్పపాటు?"

"ఖాళీ బండి తోలావు బావా."

వరస తిరిగి రాసి నడిపింది. యంత్రం గుర్రుమంది. పుల్లలు రాలాయి. ఇవాళ్టివి రాలాయి, నిన్నటివి రాలాయి, మొన్నటివీ రాలుతూనే ఉన్నాయి. చీలమండలు దాటి మోకాళ్ల దాకా వచ్చాయి. బావ కుర్చీ జరుపుకున్నాడు. పెద్దసారు ప్యాంటు పైకి మడుచుకున్నాడు.

"ఇచ్చిన మాటలన్నీ ఒక్కసారే తీరుస్తోంది పాపం" అంది పిన్ని, ఊడుస్తూ. అనుమానాలక్క అడక్కుండానే సంచి మూతి పట్టుకుంది. పది సంచులు నిండాయి, పదకొండోది సగమైంది.

అసలు ఫలితం తొమ్మిది సెకన్లు. "పదకొండుకి తొమ్మిది. అదేం తక్కువ కాదు" అని బావ తనకి తనే చెప్పుకున్నాడు.

పెద్దసారు కొత్త రిపోర్టు తెప్పించాడు. అనుమానాలక్క కలం అందుకోబోతే చేయి అడ్డం పెట్టాడు. "ఇక మీదట నీది రెండో సంతకం. రాలింది కళ్లారా చూసిన మనిషిదే మొదటి సంతకం."

పిన్ని చేతులు కొంగుకి తుడుచుకుని కాగితం పైనుంచి కింద దాకా చదివింది. తొమ్మిది దగ్గర వేలు ఆపి, "ఇదేంటి బాబూ?" అని బావని అడిగింది. అతను వంగి ఓపిగ్గా చెప్పాడు. అర్థమయ్యాకే కలం తీసుకుంది. పొడి అక్షరాలతో సరిపెట్టలేదు. ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరమే, గుండ్రంగా. అయిదేళ్లలో ఆ గదిలో ఎవరూ వినని పేరు. ఆవిడ రాసేంతసేపూ పెద్దసారు కలం మూత చేత్తో పట్టుకుని పక్కనే నిలబడ్డాడు.