కాఫీనా, టీనా

ఇత్తడి చెంబులో నురగ అంచుదాకా పొంగింది. పొర్లిపోయే క్షణంలో షహాతా దాన్ని మంట మీంచి ఎత్తి పింగాణీ కప్పులోకి వంచాడు. యాభై అయిదేళ్ల చెయ్యి అది. కణుపుల దగ్గర వాచి ఉంటుంది, బొటనవేలి మీద పాత కాలిన మచ్చ. కాఫీ పోసేటప్పుడు మాత్రం వణకదు.

కైరో శివారు అద్దాల మేడలో, ఏడో అంతస్తున షేర్ల వ్యాపారం చేసే ఒక కంపెనీ ఉంది. దాని టీ గది షహాతాది. పంతొమ్మిదేళ్లుగా తనుండే ఇంబాబా పేటలో వ్యాను ఎక్కి, ఎనిమిదికల్లా వచ్చి స్టవ్వు వెలిగిస్తున్నాడు. ఇంటర్వ్యూల రోజున మేనేజరు హాజిమ్ పాషా అభ్యర్థి కాగితాల్లో ముందు కాలేజీ పేరు చూస్తాడు, చూసి టీ గదికి ఫోన్ చేస్తాడు. "ఒక కాఫీ" అంటే వచ్చినవాడు ఖరీదైన కాలేజీ సరుకు, కబుర్లు సాగుతాయి. "ఒక టీ" అంటే ఏదో ఊరి సర్కారు కాలేజీ. గ్లాసు బల్ల మీద పెట్టగానే పాషా లేచి నిలబడి, "మేమే ఫోన్ చేస్తాం" అంటాడు. టీ తాగినవాళ్లెవరూ మళ్లీ ఈ గడప తొక్కగా షహాతా చూడలేదు. పాపం, తమకేదో మర్యాద చేశారనుకుని వంగి వంగి దండాలు పెట్టి మరీ పోతారు.

ఆ పూట మొదటి కాఫీ నీలం సూటు కుర్రాడికి వెళ్లింది.

"మార్కులొక్కటీ అడక్కండి సార్. మా అమ్మే అడగడం మానేసింది" అంటున్నాడు వాడు.

"మన కాలేజీలో పాసవడమే గొప్పలేవోయ్. నేనూ అక్కడ ఏడ్చినవాణ్ణేగా" అని హాజిమ్ పాషా పగలబడి నవ్వాడు.

పేరు గొప్ప, ఊరు దిబ్బ అనుకుంటూ షహాతా ఖాళీ ట్రేతో వెనక్కి వచ్చాడు. టీ గది గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. బూడిదరంగు తలగుడ్డ, చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు, దుమ్ము కొట్టుకున్న నల్ల బూట్లు. పేరు రబాబ్ అని చెప్పింది.

"బాబాయ్, బూట్లు తుడుచుకోడానికి పాతగుడ్డ ఏమైనా ఉందా?"

"ఇదిగో. ఏ ఊరు తల్లీ?"

"తంతా దగ్గర పల్లె. పొద్దుట్నుంచీ మూడు బళ్లు మారాను."

"ఏం చదివావు?"

"తంతాలోనే, కామర్స్. అత్యుత్తమం గ్రేడు వచ్చింది. నాలుగు వేల మందిలో రెండోదాన్ని." బూటు తుడుస్తూ నవ్వింది. "మొదటివాడు లెక్చరర్ గారి అబ్బాయిలెండి."

షహాతా నవ్వలేకపోయాడు. ముప్పై మూడేళ్ల కిందట తనూ ఆ కాలేజీ బల్లల మీదే కూర్చున్నాడు. వచ్చిన గ్రేడు మక్బూల్, అత్తెసరు పాసు. అంగీకరించామని దాని అర్థం. గుమాస్తాగా ఒక్కడూ అంగీకరించలేదు. పోనీ టీ అందించే పని అడిగితే, "డిగ్రీ చదివినవాడివి, నువ్వు మా మాట వింటావా?" అన్నారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. చివరికి ఇక్కడి దరఖాస్తులో చదువు అన్నచోట "చదవడం, రాయడం వచ్చు" అని రాసి, డిగ్రీ పట్టాను ఇంట్లో దుప్పట్ల కింద దాచేశాడు.

ఫోన్ మోగింది. "ఒక టీ" అన్నాడు హాజిమ్ పాషా.

షహాతా కెటిల్ వైపు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని ఇత్తడి చెంబు అందుకున్నాడు. కాఫీ చేతిలో ఉన్న అతిథిని లేవమనేంత మొరటువాడు ఈ దేశంలో ఉండడని అతని నమ్మకం.

కప్పు చూడగానే పాషా మొహం మాడింది. రబాబ్ దాన్ని రెండు చేతులా పట్టుకుంది. చేసేదిలేక పాషా ఒక ప్రశ్న వేశాడు. ఆమె జవాబు చెప్పింది. ఇంకోటి వేశాడు, కష్టమైనది. దానికీ చెప్పింది, ఫోల్డరు వెనక లెక్క వేసి మరీ చూపించింది. ఓరగా తెరిచిన అద్దం తలుపు బయట షహాతా తన పెళ్లిచూపులప్పుడు నిలబడ్డట్టు నిలబడ్డాడు. పది నిమిషాలైంది. కప్పు ఖాళీ కాలేదు. పాషా గడియారం చూసుకుని, "నువ్వు తాగేసి వెళ్లమ్మా" అంటూ తనే లేచి బయటికి వచ్చేశాడు. మొరటుతనానికి అలాంటి దారి ఒకటుందని షహాతాకి తట్టలేదు.

పాషా నేరుగా టీ గదికి వచ్చాడు. "నేను చెప్పింది టీ."

"తెలుసు పాషా. ఆ పిల్ల చెప్పినవాటిలో ఒక్కటి తప్పుందా?"

"తప్పో ఒప్పో నీకేం అర్థమవుతుందయ్యా?"

"అర్థమవుతుంది. నేనూ తంతా కామర్సే. పట్టా ఉంది నాకు."

పాషాకి కోపం రాలేదు, దొంగ దొరికినంత సంతోషం వచ్చింది. షహాతా దరఖాస్తు తెప్పించి ఆ గడి మీద వేలు పెట్టాడు. "చదవడం రాయడం వచ్చనేగా ఇక్కడ రాశావు? డిగ్రీ దాచావన్నమాట."

"దాస్తే ఎవరికి నష్టం పాషా?"

"నష్టం సంగతి కాదు. మాకు నిజాయితీ ముఖ్యం."

కాలేజీ పేరు చూసి మనుషుల్ని కరివేపాకులా ఏరి పారేసే నోటితోనే ఆ మాట అన్నాడు. ముప్పై మూడేళ్లలో ఒక్క ఉద్యోగం ఇవ్వని పట్టా, ఉన్న ఉద్యోగాన్ని పావుగంటలో ఊడబెరికింది. కాపలావాడు తలొంచుకుని షహాతా గుర్తింపు కార్డు తీసుకున్నాడు.

లిఫ్టు దగ్గర రబాబ్ ఎదురైంది. "కాఫీ ఎంత బావుందో బాబాయ్. ఫోన్ చేస్తారంటారా?"

అబద్ధమాడదామనుకున్నాడు. నోరు రాలేదు.

"చెయ్యరు తల్లీ. ఇంకోచోట చూసుకో. ఎవడైనా టీ ఇస్తే మాత్రం ముట్టుకోకు. కుర్చీలోంచి లేవకు."

ఆమె మొహం పాలిపోయింది. అయినా తలూపింది. ఇద్దరూ ఒకే లిఫ్టులో దిగిపోయారు.

సాయంత్రం దాకా ఇంటర్వ్యూ గదిలో ఆ పింగాణీ కప్పు బల్ల మీదే ఉంది. అడుగున మడ్డి ఎండి నెర్రెలిచ్చింది. దాన్ని ఎవరు తియ్యాలో ఆ అంతస్తులో ఎవరికీ తెలియలేదు.