మోక్షిత కుడిచెవి

నేను ఒక వినికిడి యంత్రాన్ని. ఎడమచెవి బొత్తిగా వినిపించని ఎనిమిదేళ్ల మోక్షిత కుడిచెవి అచ్చు తీసి, దానికి సరిపోయేలా విశాఖపట్నంలో నన్ను తయారుచేశారు. ఇంకే చెవిలోనూ నేను కుదురుకోను. గుప్పిట్లో మూస్తే కీచుమంటాను. నేను వచ్చిన రోజు ఆ పిల్ల కుక్కర్ కూతకు ఉలిక్కిపడి, తర్వాత పగలబడి నవ్వింది.

వాళ్ల నాన్న జోగారావు క్రేన్ డ్రైవరు. ఒకప్పుడు మత్తు సూదులకు బానిస. ఆసుపత్రిలో చేరి మానేశాడు. ఆ సంగతి అతని భార్య నీలవేణి ఇరుగుపొరుగుకు గర్వంగా చెప్పుకునేది. సూది వదిలిన చెయ్యి పేకముక్కలు పట్టిందని తెలిసినా, పోనీలే అనుకుంది.

ఒక మధ్యాహ్నం మోక్షిత స్నానానికి వెళ్తూ నన్ను కిటికీలో పెట్టింది. చెప్పులు వెతుక్కుంటున్న జోగారావు కళ్లు నా మీద పడ్డాయి. అంతే, చటుక్కున తీసి జేబులో వేసుకున్నాడు. గుమ్మంలో నీలవేణి అడ్డం నిలబడింది.

“ఏటి మావా, సేతులు వణుకుతున్నాయి? మళ్లీ పొడుచుకున్నావేటి? సూపించు.”

అతను చొక్కా చేతులు మడిచాడు. పాత మచ్చలు తప్ప ఏమీ లేవు. ఆమె ఆ చేతిని నిమిరి, హమ్మయ్య అనుకుని పక్కకు తప్పుకుంది. నాకు నోరుంటే అరిచేదాన్ని.

లాడ్జి గదిలో అతను నన్ను పందెం కాశాడు. ఓడిపోయాడు. గెలిచిన చలపతి సరదాకి నన్ను తన చెవిలో దూర్చుకోబోయాడు. పట్టలేదు. అందరూ నవ్వారు. జోగారావు కూడా నవ్వాడు.

అతను ఆడే చోటు నీలవేణికి తెలుసు. కిటికీలో నేను కనబడకపోయేసరికి సాయంత్రం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

“పిల్ల చెవి మిషనేదీ?”

చలపతి తలొంచుకుని నన్ను ఇచ్చేశాడు. మోక్షిత చెవిలో పెట్టుకుంది. ముక్కల మీంచి తలెత్తని తండ్రి గొంతునే నేను ఆమెకు మొదట వినిపించాను.

“ఇంకొక్క ఆటెయ్యన్నా. ఈసారి పిల్ల పట్టీలు తెస్తాను.”

మళ్లీ ఆసుపత్రి.

“సూదైనా పేకైనా లాగేది ఒకటేనమ్మా,” అంది డాక్టరమ్మ. “తోచింది ఆ క్షణానే చేసెయ్యాలి, ఆగలేడు. మనం సూది మాన్పించాం, ఆగడం నేర్పలేదు.”

“నేను సేతులే సూసానమ్మా,” అంది నీలవేణి.

కొన్నాళ్లకు వార్డులో జోగారావు కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అతను నోరు తెరవబోతుంటే మోక్షిత నన్ను తీసి గుప్పిట్లో బిగించింది.

“తప్పయిపోయిందమ్మా. నీ చెవిని పందెం కాసేసాను.”

ఆ మాట నాకు మాత్రమే వినిపించింది. పిల్ల గోడవైపు చూస్తోంది. గుప్పిట్లో నేను సన్నగా కీచుమంటూనే ఉన్నాను.