దర్జీ మాస్టారి సంతాపసభ

"చేతులు తుడుచుకుని ముట్టుకో," అన్నారు మా ఆయన.

సింకు దగ్గర అంట్లు తోముకుంటున్న నన్ను పిలిచి, ఒక పాత సైనికుడి కోటు నా ముందుకి చాపి అన్న మాట అది. కాలరు పక్కన పురుగు తినేసి వేలు దూరేంత చిల్లు పడింది. ఆ చిల్లు పూడ్చాల్సింది నేను. ఆయన ఎదురుగా ఉంటే మాత్రం ముట్టుకోవడానికి అనుమతి కావాలి. ఆయన ఆఫీసుకి వెళ్లాక ఆ కోట్లన్నీ నా ఒళ్లోనే పడుంటాయి, అప్పుడు నా చేతులు తడిగా ఉన్నాయో పొడిగా ఉన్నాయో అడిగే నాథుడు ఉండడు. సరేనండీ అని చీరకొంగుకి తుడుచుకుని తీసుకున్నాను.

మా ఇంట్లో ఎండ బాగా వచ్చే గది ముందుగదే. అందులో మేం ఉండం, ఆయన సేకరణ ఉంటుంది. గోడల నిండా కత్తులు, అద్దాల బీరువాలో పతకాలు, చెక్క స్టాండ్లకి తొడిగిన కోట్లు, టోపీలు, బూరలు, తోలు బెల్టులు. నా కుట్టుమిషను వరండాలో చెప్పుల స్టాండు పక్కన ఉంటుంది. కత్తులకి పలచగా నూనె పట్టించేది నేను. పతకాల్ని గట్టిగా రుద్దితే వాటి మీది అక్షరాలు అరిగిపోతాయని, మెత్తటి గుడ్డతో అద్ది దుమ్ము తీసేది నేను. వానాకాలం వస్తే కోట్ల జేబుల్లోకి కూడా చెయ్యి పెట్టి తేమ చూసేది నేనే. ఇంటికి ఎవరైనా వస్తే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, "వీటిని మెయింటైన్ చెయ్యడం మామూలు విషయం కాదండీ," అంటారు. ఎంత మామూలు విషయం కాదో నా నడుముకి తెలుసు. అత్తయ్యకి ఇందులో తప్పేమీ కనిపించదు. వాడికి తాగుడు లేదు, పేకాట లేదు, పాతబట్టల పిచ్చి ఒక్కటే కదా, అదృష్టవంతురాలివి అంటుంది. నాకున్న పిచ్చి ఏమిటని మాత్రం ఆవిడా అడగలేదు, ఆవిడ కొడుకూ అడగలేదు.

అడిగితే చెప్పేదాన్ని. నాకు ఆ కోట్లంటే ప్రాణం. ఆయనకి వాటి గుండీలు, వాటి హోదా, ఏ యుద్ధం, ఏ దళం, అవి కావాలి. నేను లోపలి వైపు తిప్పి చూస్తాను. ఎక్కడ చెమట పట్టింది, ఏ మోచెయ్యి ముందు అరిగింది, ఎవడు పొట్ట పెంచాడు, ఎవడు ఆకలికి చిక్కిపోయి కుట్లు లోపలికి వేయించుకున్నాడు. ఒక కోటు జేబులో లోపల వేరే రంగు గుడ్డతో మాసిక వేసి ఉంది. దర్జీ పని కాదది, హడావిడిగా ఇంట్లో ఎవరో వేసింది, బహుశా పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చి వేసింది. ఆ మాసిక నేను విప్పలేదు. ఆ కోటు పట్టుకున్నప్పుడల్లా దాని మీద ఓసారి వేలితో రాస్తాను, అంతే. మందపాటి ఉన్నిలో చిల్లు పూడ్చాలంటే మామూలు దారం పనికిరాదు, ఎంత సన్నదైనా కనిపిస్తుంది. చాలా ప్రయత్నాలయ్యాక నాకు దొరికిన దారం నా తలలోనే ఉంది. పొడుగాటి వెంట్రుక ఒకటి సూదికెక్కించి ఉన్ని మందంలోంచి పోనిస్తే పైకి ఏమీ కనిపించదు. నల్లకోట్లతో మొదలుపెట్టాను. ఈమధ్య తల నెరవడంతో బూడిదరంగు కోట్లకి కూడా ఇబ్బంది లేకుండా పోయింది.

ఆదివారాలు క్లబ్బువాళ్లు వస్తారు. అందరూ ఇలాంటి సేకరణలున్నవాళ్లే. ఒకరినొకరు కర్నల్ అనీ మేజర్ అనీ పిలుచుకుంటారు. కర్నల్ గారు పళ్ల డాక్టరు, బల్లి కనిపిస్తే కుర్చీ ఎక్కుతారు. మేజర్ గారికి సిమెంటు కొట్టు. మా ఆయన కెప్టెన్, ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. సైన్యంలో పనిచేసినవాళ్లు ఒక్కరూ లేరు. కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం కర్నల్ గారు ఒక కాలరు మీద వేళ్లతో తడిమి, ఇక్కడ చిల్లుండాలే, ఎవరు పూడ్చారు అని అడిగారు. నేను టీ ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను. మా ఆయన నా వైపు చూడను కూడా లేదు. "నా మనిషి ఒకడున్నాడులే. ముసలి దర్జీ. బ్రహ్మాండంగా కుట్టాడు," అన్నారు.

కుట్టాడు. ఆ ఒక్క మాట మీద ఆ రోజంతా ఆలోచించాను. మన భాషలో నేను కుట్టినా, నా మిషను కుట్టినా, కుట్టింది అనే అంటారు. ఆడదానికీ వస్తువుకీ తేడా పెట్టరు. ఆ చివర డు తగిలించేసరికి నా పనికి మీసాలు మొలిచాయి, అందరూ గౌరవంగా తలలూపారు. రాత్రి అడిగితే, పెళ్లాం ఇంట్లో కూర్చుని కుట్టిందంటే వాళ్ల దృష్టిలో ఆ కోటు విలువ పడిపోతుంది, నీకు ఈ ఫీల్డు తెలీదు అన్నారు.

ఇక అక్కణ్ణుంచి దర్జీ మాస్టారు పెరిగి పెద్దవాడయ్యాడు. మొదట పేరుకి ముసలివాడు. తర్వాత బట్టతల వచ్చింది. ఆ తర్వాత ముక్కు మీద కోపం, మనుషులంటే గిట్టకపోవడం, పొగాకు నమలడం. అడిగినవాడికల్లా మా ఆయన ఒక్కో గుణం అతికించారు. క్లబ్బువాళ్లంతా తమ కోట్లు మాస్టారికి ఇమ్మని మా ఇంటికి పంపడం మొదలుపెట్టారు. బాగుచేసి ఇచ్చినందుకు బదులుగా మా ఆయనకి ఏదో ఒక పతకం ముట్టేది. బీరువాలో పతకాలు అలా పెరిగాయి, నా కళ్లద్దాల మందం కూడా. మాస్టారికని బహుమతులు వచ్చేవి. మందు సీసాలు వస్తే, నాకలాంటి అలవాట్లేం లేవు, ఊరికే రుచికి అని మా ఆయన తాగేవారు. చేతికర్ర వస్తే అత్తయ్య తీసుకుంది. పొగాకు కట్టలు నాకు మిగిలాయి.

అలా ఉండగా ఈ ఏడు మా ఊరి మ్యూజియానికి కొత్త అధికారి వచ్చారు. ఆవిడ ఒక ఆదివారం క్లబ్బువాళ్లతో కలిసి మా ఇంటికి వచ్చి, కోట్లు చూసి, ఒక్కో కాలరు దగ్గర భూతద్దం పెట్టి చాలాసేపు నిలబడిపోయారు. మ్యూజియం గోదాములో పెట్టెలకొద్దీ పాత యూనిఫారాలు పురుగు పట్టి పోతున్నాయని, వాటికోసం ఒక గది, ఒక ఉద్యోగం మంజూరయ్యాయని, సరైన మనిషి దొరకడం లేదని చెప్పారు. "మీ మాస్టారిని ఒక్కసారి నా దగ్గరికి పంపండి. చదువు, వయసు నేను చూసుకుంటాను. ఆ చెయ్యి నాకు కావాలి," అన్నారు. నేను ట్రే బల్ల మీద పెట్టి నా చెయ్యి నేనే చూసుకున్నాను.

ఆ సాయంత్రం ఆయన్ని అడిగాను. బతిమాలలేదు, అడిగాను. ఆ ఉద్యోగం నాది, నేను వెళ్తానన్నాను. ఆయన ముందు నవ్వారు, తర్వాత నేను నవ్వకపోవడం చూసి మానేశారు. "ఇన్నేళ్లు దర్జీ దర్జీ అని చెప్పి, ఇప్పుడు పెళ్లామని చెప్పమంటావా? నా పరువేం కాను? అయినా నువ్వు పొద్దున్నే వెళ్లిపోతే ఇక్కడ ఇన్ని వస్తువుల్ని ఎవరు చూస్తారు?" అన్నారు. అత్తయ్య చేతికర్రతో నేల మీద గీతలు గీస్తూ కూర్చుంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆయన అడిగిన రెండు ప్రశ్నల్లో నా ఊసు ఎక్కడా లేదు.

తర్వాతి ఆదివారం మ్యూజియం మేడం మాస్టారిని ఎప్పుడు పంపుతారని ఫోను చేస్తే, మా ఆయన నా ఎదుటే, గొంతు తగ్గించి, "మాస్టారు పోయారండీ," అన్నారు.

నేను పప్పులో రాళ్లు ఏరుతున్నాను. చేట పక్కన పెట్టి, ఎలా పోయానండీ అని అడిగాను. గుండెపోటు అన్నారు, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. పైగా, ఈ గొడవ ఇంతటితో వదిలింది అన్నట్టు ఊపిరి పీల్చుకున్నారు. వదల్లేదు. విషయం తెలిసి క్లబ్బువాళ్లు కదిలిపోయారు. ఇంతటి పనివాడికి మనం ఏమీ చెయ్యలేకపోయాం, సభ పెట్టి తీరాలన్నారు కర్నల్ గారు. హాలు మాట్లాడారు, కుటుంబాలతో రమ్మన్నారు, మ్యూజియం మేడంని కూడా పిలిచారు. మా ఆయనకి గొంతులో వెలక్కాయ పడింది. కానీ కాదంటే ఏం కారణం చెప్తారు? సభ రోజు పొద్దున, దార్లో పూలు నువ్వు కొనుక్కురా అని నాకే చెప్పారు. నా సంతాపసభకి పూలు నేనే బేరమాడి కొన్నాను. తెల్లవే తీసుకున్నాను, మంచివి.

మాస్టారి ఫొటో ఎవరి దగ్గరా లేదు కాబట్టి వేదిక మీద ఖాళీ కుర్చీ వేసి, దానికి నేను బాగుచేసిన నల్లకోటు తొడిగారు. నా పూలు దాని పాదాల దగ్గర, అంటే పాదాలుండాల్సిన చోట పెట్టారు. క్లబ్బువాళ్లందరూ యూనిఫారాల్లో వచ్చారు. కర్నల్ గారు గద్గదంగా మాట్లాడారు. ఆయన చేతిలో కోటు ప్రాణం పోసుకునేదన్నారు. మేజర్ గారు తను మాస్టారిని దూరం నుంచి ఒకసారి చూశానని కూడా అన్నారు, కోపిష్ఠి అయినా కళ్లలో దయ ఉందట. అత్తయ్య నా చెవిలో, "నువ్వు అంత బాగా కనిపించావటే అమ్మాయ్," అంది. ఆవిడ నా వైపు మాట్లాడటం అదే మొదలు. తలతిప్పి చూశాను. ఆవిడ కళ్లలో నవ్వుంది, నవ్వుతో పాటు ఇంకేదో కూడా ఉంది. "వెళ్లు," అంది.

అప్పటికే క్లబ్బువాళ్లందరూ లేచి కత్తులు దూసి, నిట్టనిలువుగా పట్టుకుని మౌనం పాటిస్తున్నారు. మా ముందుగది గోడల మీంచి తెచ్చిన ఆ కత్తులన్నిటికీ ముందురోజు నూనె పట్టించింది ఎవరనుకున్నారు? మా ఆయన తల వంచుకుని అందరికంటే నిష్ఠగా నిలబడ్డారు. నేను వేదిక ఎక్కి, కుర్చీ పక్కన నిలబడ్డాను.

"మాస్టారిని నాకంటే దగ్గరగా చూసినవాళ్లు లేరు, అందుకని నేను కూడా రెండు ముక్కలు చెప్పాలి," అన్నాను. "మాస్టారికి కోపం ఉందన్నారు. లేదండీ, ఈమధ్యే వచ్చింది. పొగాకు అలవాటు లేదు. మీరు పంపిన కట్టలు కోట్ల మధ్య పెడితే పురుగు రాలేదు, అందుకు మీకు థాంక్స్. బట్టతల అసలే లేదు."

జడ ముందుకి వేసుకుని ఒక నల్ల వెంట్రుక లాగాను. మేడం ముందువరసలోంచి లేచి వచ్చేశారు, భూతద్దం ఆవిడ చేతిలోనే ఉంది. కాలరు తిప్పి, నేను కుట్టు ముగించిన చోటు వేలుపెట్టి చూపించి, ఆ పక్కన నా వెంట్రుక పరిచాను. ఆవిడ వంగి చూశారు. కాలరు చూశారు, వెంట్రుక చూశారు, తర్వాత నన్ను చూశారు. ఆ చూపు నా జన్మలో మర్చిపోను.

"ఇన్నాళ్లూ ఇది మీరు చేశారా," అన్నారు.

"నేనే చేశానండీ. పోయింది నేనే. మీరంతా నిలబడ్డారు, సంతోషం. ఇంక కత్తులు దించండి, చేతులు నొప్పెడతాయి," అన్నాను.

ముందు ఒక ఆడగొంతు ఫక్కున నవ్వింది. మేజర్ గారి భార్య అనుకుంటాను. ఆ తర్వాత భార్యలందరూ చప్పట్లు కొట్టారు, భర్తలేమో కత్తులు ఒరల్లో పెట్టాలా వద్దా తెలియక తికమకపడ్డారు. కర్నల్ గారు మాత్రం ముఖం ఎర్రగా చేసుకుని, కత్తి దించి, నా ముందు తల వంచారు. అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. మా ఆయన పైకి వచ్చి, అందరికీ సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాం అని మొదలుపెట్టబోయారు. నేను ఆయన మాటకి అడ్డం పడలేదు, ఊరికే ఆయన మొహంలోకి చూశాను. ఆయన వాక్యం సగంలో ఆగిపోయింది. పెళ్లయ్యాక ఆయన సగంలో ఆపిన మొదటి వాక్యం అదే. మేడం నా చేతులు రెండూ పట్టుకుని ఎప్పుడు చేరతారని అడిగారు. ఇంటికెళ్లి ఆలోచించుకుని చెప్తాం అన్నారు మా ఆయన. నేను ఆలోచించేశానండీ, రేపు వస్తాను అన్నాను మేడంతో.

పొద్దున్న ఎప్పటిలాగే లేచాను. వంటయ్యింది. ముందుగది తలుపు వేసే ఉంది, నేను తియ్యలేదు. ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, పేజీ తిప్పిన చప్పుడు లేదు. సూదులు, కళ్లద్దాలు సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంటుంటే అత్తయ్య వరండాలోకి వచ్చి, సాయంత్రం ఎప్పుడొస్తావమ్మాయ్ అని అడిగింది. ఆ ప్రశ్న ఆవిడ ఇన్నేళ్లూ కొడుకుని అడగడమే విన్నాను. నన్ను అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు, ఇంట్లో ఉండేదానికి రావడమేమిటి, పోవడమేమిటి.

"పనయ్యాక వస్తానత్తయ్యా," అన్నాను. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి నా పని ఒక్కనాడూ అవ్వలేదు.