ఎస్తేరు మజ్జిగ పరీక్ష

పీటర్ కొన్న పాత స్పోర్ట్స్ కారు ఇద్దరే పట్టేది, రేకు డబ్బాలా తేలికైనది. బ్రేకులు నచ్చితేనే ఆదివారం చర్చికి అందులో వస్తానని, లేకుంటే బస్సెక్కుతానని భార్య ఎస్తేరు తేల్చేసింది.

ఉప్పల్‌లో మెకానిక్ దామోదర్ ముందు మామూలు రోడ్లకు వాడే కొత్త బ్రేకు ప్యాడ్లు బిగించాడు. ఎస్తేరు నిండు మజ్జిగ చెంబును ఒళ్లో పెట్టుకుని పరీక్షకు కూర్చుంది. పీటర్ బ్రేకు తొక్కగానే కారు టక్కున ఆగింది. మజ్జిగంతా చీర మీద పడింది.

తర్వాత రేసు కార్లకు వాడే ప్యాడ్లు బిగించాడు. నాచారం రోడ్డులో చాయ్ బండి దగ్గర తొక్కితే కారు సాగి సాగి మూడు దుకాణాలు దాటాక ఆగింది. మళ్లీ నింపుకున్న చెంబులో చుక్క తొణకలేదు.

"గివే ఉంచు. మస్తు మెత్తగున్నయ్," అంది ఎస్తేరు, షెడ్డుకు తిరిగొచ్చాక.

"అవి బాగ వేడెక్కితేనే పట్టుకుంటయ్ వదినా. మన ట్రాఫిక్‌ల యాడ వేడెక్కుతయ్?" అని దామోదర్ మొత్తుకున్నాడు.

"అయితే నా చీర నువ్వు ఉతుకుతవా?"

పీటర్ దామోదర్‌కు కనుసైగ చేశాడు. దామోదర్ మొదటి ప్యాడ్లే మళ్లీ బిగించాడు. "దుమ్ము పడుతది," అంటూ పీటర్ మజ్జిగను మూత బిగిసే స్టీలు డబ్బాలో పోసి ఆమె చేతికిచ్చాడు. ఈసారి బ్రేకు తొక్కగానే షెడ్డు ముందే కారు టక్కున ఆగింది. చుక్క కూడా పడలేదు.

"మొదట్ల నువ్వు సక్కగ బిగియ్యలే దామోదర్!" అంది ఎస్తేరు.

దామోదర్ పీటర్ వైపు ఒకసారి చూసి, "తప్పయింది వదినా," అన్నాడు.